బల్ల మీది రెండో కత్తి

‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ సినిమాని నేను మొదటిసారి చూసింది ఆఫీసులో. నాయకత్వ లక్షణాల మీద రెండు రోజుల శిక్షణ పెట్టి, మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కునికిపాట్లు పడే వేళకి ఈ సినిమా వేశారు. నలుపు తెలుపు సినిమా, పాటలు లేవు, ఒకటే గది. అయినా ఒక్కరూ నిద్రపోలేదు. అయిపోయాక శిక్షణ ఇచ్చేటాయన ఒకటే ప్రశ్న అడిగాడు: ఎనిమిదో నెంబరు జ్యూరర్ దగ్గర మీరేం నేర్చుకున్నారు? పదిమందికి ఎదురు నిలబడే ధైర్యం అని ఒకరన్నారు, ఓపిక అని ఇంకొకరు, ఎదుటివాడి మాట వినడం అని మరొకరు. నేను కూడా అలాంటిదే ఏదో చెప్పి కూర్చున్నాను.

ఆ తర్వాత ఆ సినిమాని నాలుగైదుసార్లు చూశాను. చూసినకొద్దీ ఆ ప్రశ్నే సరైంది కాదేమో అనిపించడం మొదలైంది. ధైర్యం గురించిన సినిమాయే, కాదనను. కానీ అంతకంటే ముందు అది ఒక బల్ల గురించిన సినిమా. ఒక మనిషి బతకాలా చావాలా అని తేల్చే బల్ల మీదకి ఏం రావచ్చు, ఏం రాకూడదు, వచ్చినదాన్ని ఎవరు తెచ్చారు, ఏ దారిన తెచ్చారు? ఈ వ్యాసం దాని గురించే.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. న్యూయార్క్‌లో మురికివాడ కుర్రాడొకడు, పద్దెనిమిదేళ్లవాడు, తండ్రిని కత్తితో పొడిచి చంపాడని కేసు. విచారణ అయిపోయింది. పన్నెండుమంది జ్యూరర్లు గదిలోకి వెళ్లి ఏకగ్రీవంగా ఒక మాట చెప్పాలి. దోషి అంటే మరణశిక్షే. మొదటి ఓటులో పదకొండుమంది దోషి అంటారు. ఎనిమిదో జ్యూరర్ (హెన్రీ ఫోండా) ఒక్కడే కాదంటాడు. రెజినాల్డ్ రోజ్ దీన్ని ముందు 1954లో టెలివిజన్ నాటకంగా రాశాడు. తను స్వయంగా జ్యూరీలో కూర్చున్న అనుభవం నుంచి పుట్టిన నాటకం అది. 1957లో సిడ్నీ లుమెట్ సినిమాగా తీశాడు.

మా పనిలో తప్పు ఎక్కడ జరిగిందో వెతకాలంటే మొదట చేసేది, ఏ సమాచారం ఏ దారిన లోపలికి వచ్చిందో రాసుకోవడం. ఈ సినిమాకీ అదే చేశాను. ఆ గదిలోకి సరుకు వచ్చే దారులు నాలుగు కనిపించాయి.

మొదటిది కోర్టు పంపించింది. హత్య జరిగిన కత్తి కావాలని అడిగితే బయట కాపలా ఉన్న మనిషి తెచ్చిస్తాడు. ఆ ఫ్లాటు ప్లాను కావాలంటే అదీ తెచ్చిస్తాడు. మన కోర్టుల భాషలో చెప్పాలంటే, ఇవి నెంబరు పడిన ఎం.ఓ.లు, ఎగ్జిబిట్లు. కోర్టులో అందరి ముందూ మార్కు అయినవి. ఆ ప్లాను పట్టుకునే ఎనిమిదో జ్యూరర్ గదిలో కుంటుకుంటూ నడిచి చూపిస్తాడు. మంచం మీంచి తలుపు దాకా పదిహేను సెకన్లలో వచ్చానని ముసలి సాక్షి చెప్పాడు. గడియారం పెట్టి చూస్తే నలభై ఒక్క సెకన్లు పట్టింది.

రెండోది, కోర్టులో కూర్చున్నప్పుడు వాళ్ల కళ్లతో చూసింది, చెవులతో విన్నది. సాక్షుల మాటలు సరే. ఆ ముసలాయన కాలు ఈడుస్తూ నడవడం, ఆయన కోటు చిరిగి ఉండటం, ఇంకో సాక్షి అయిన ఆవిడ ముక్కుకి రెండు పక్కలా కళ్లజోడు నొక్కుల మచ్చలు ఉండటం. ఇవి ఎవరూ కాగితం మీద పెట్టలేదు. కానీ అందరి ముందూ ఉన్నవే. చూసినవాడు చూశాడు, చూడనివాడు చూడలేదు.

మూడోది, వాళ్లు తమ బతుకుల్లోంచి మోసుకొచ్చింది. రైలు కట్ట పక్కన ఉన్న ఇంట్లో రైలు పోతున్నప్పుడు చప్పుడు ఎంత ఉంటుందో ఒకరికి తెలుసు. స్ప్రింగు కత్తిని ఎలా పట్టుకుంటారో మురికివాడలో పెరిగిన ఐదో జ్యూరర్‌కి తెలుసు. పదో జ్యూరర్‌కి ‘ఆ జనం’ అంటే పడదు. మూడో జ్యూరర్ పర్సులో కొడుకు ఫొటో ఉంది.

నాలుగో దారిన వచ్చింది ఒక్కటే వస్తువు. ఎనిమిదో జ్యూరర్ కోటు జేబులో ఉన్న రెండో కత్తి.

సినిమా చూసిన ఎవరినైనా నిద్రలో లేపి అడిగినా గుర్తుండే సీను అదే. అలాంటి కత్తి ఇంకొకటి తను చూడలేదని, తన దగ్గర ఉన్నది అదొక్కటేనని, దాన్ని కుర్రాడికి అమ్మిన దుకాణదారు చెప్పాడు. కాబట్టి శవంలో దొరికిన కత్తి కుర్రాడిదే అంటాడు నాలుగో జ్యూరర్. కత్తి బల్లకి గుచ్చి ఉంది. ఎనిమిదో జ్యూరర్ జేబులోంచి అచ్చంగా అలాంటిదే ఇంకో కత్తి తీసి దాని పక్కన గుచ్చుతాడు. గది మొత్తం లేచి నిలబడుతుంది. ముందురోజు రాత్రి ఆ కుర్రాడి వీధుల్లో రెండు గంటలు తిరిగానని, వాడి ఇంటికి దగ్గర్లోనే ఒక తాకట్టు కొట్టులో ఆరు డాలర్లకి కొన్నానని చెప్తాడు. మా ఆఫీసులో ఆ సీనుకి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మనవాళ్లు ఎందుకు కొట్టరు చెప్పండి? చిన్నప్పటి నుంచి మనం చూసిన తెలుగు సినిమా కోర్టు అంతా అదే కదా. ఆఖరి రీల్లో తీర్పు చదవబోతుంటే తలుపు దగ్గర్నుంచి “ఆగండి” అని ఒక గొంతు. హీరో రక్తం కారుతూ, చేతిలో ఒక క్యాసెట్టో, ఉత్తరమో, చచ్చిపోయాడనుకున్న సాక్షినో పట్టుకుని వస్తాడు. దాన్ని ఎవరు స్వాధీనం చేసుకున్నారు, పంచనామా ఎక్కడ, అవతలి వకీలుకి చూపించారా అని ఏ జడ్జీ అడగడు. సాక్ష్యం తలుపులోంచి దూకి రావడమే మనకి న్యాయం. అందుకే ఎనిమిదో జ్యూరర్ జేబులోంచి కత్తి తీసినప్పుడు మనకి అది నియమం తప్పినట్టు అనిపించదు. హీరో వచ్చినట్టు అనిపిస్తుంది.

కానీ ఆ దేశపు చట్టం ప్రకారం అది కుదరదు. జ్యూరర్ బయటికెళ్లి సొంతంగా పరిశోధన చేయకూడదు, విచారణలో రాని వస్తువుని గదిలోకి తేకూడదు. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి సోనియా సోటోమయోర్ 2010లో ఈ సినిమా గురించి మాట్లాడుతూ, తాను కింది కోర్టులో ఉన్నప్పుడు జ్యూరర్లకి ఈ సినిమాలోలా చేయొద్దని చెప్పేదాన్నని అంది. చిత్రమేమిటంటే ఆవిడని న్యాయవాద వృత్తి వైపు లాగిన వాటిలో ఈ సినిమా కూడా ఒకటి. అంతగా ప్రేమించిన సినిమాని పట్టుకుని ఇలా చేయొద్దు అని చెప్పడం నాకు నచ్చింది. విమర్శ అంటే అదే అనుకుంటాను.

ఎందుకు కుదరదు? చట్టం మొండిది కాబట్టి అని నేను చాలా రోజులు అనుకున్నాను. మూడోసారి చూసినప్పుడు ఒక చిన్న విషయం తట్టింది. హత్య జరిగింది ఎప్పుడు, ఆయన కత్తి కొన్నది ఎప్పుడు? అరెస్టు, ఛార్జి, విచారణ, ఇవన్నీ అయ్యాక, జ్యూరీ గదిలోకి వెళ్లే ముందు రాత్రి కొన్నాడు. హత్య జరిగిన రోజున ఆ కొట్టులో ఆ కత్తి ఉందా? తాకట్టు కొట్టంటే పాత సరుకు వస్తుంటుంది, పోతుంటుంది. నిన్నగాక మొన్న ఎవడో తెచ్చి పెట్టి ఉండొచ్చు. ఆ కొట్టువాడిని బోనులో నిలబెట్టి ఉంటే ప్రాసిక్యూటర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే. గదిలో పదకొండుమందిలో ఒక్కరూ అడగరు. వాళ్లు కేకలు వేస్తారు, దీంతో ఏం రుజువైంది అంటారు, కానీ ఆ ప్రశ్న రాదు. రాదు కాబట్టే కత్తికి అంత బలం వచ్చింది.

నియమం వెనక ఉన్న కారణం ఇదీ. బయటి వస్తువు అబద్ధమని కాదు. నిజమే అయి ఉండొచ్చు. కానీ దాన్ని ఎదురు ప్రశ్నించే మనిషి ఆ గదిలో లేడు. ఈసారి నష్టపోయింది ప్రాసిక్యూషన్ కాబట్టి మనకి నొప్పి తెలియలేదు. అదే జేబులోంచి ఇంకో జ్యూరర్ ఇంకో వస్తువు తీసి కుర్రాడి మెడకి ఉరి బిగించి ఉంటే? కుర్రాడు పక్క గదిలో ఉంటాడు. తన మీద ఇంకో సాక్ష్యం వచ్చిందని కూడా వాడికి తెలియదు.

మూడో దారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇక్కడ సినిమా మనల్ని ఇంకా తెలివిగా మోసం చేస్తుంది. ఐదో జ్యూరర్ కత్తి పట్టుకుని, ఇలాంటి దాన్ని పైనుంచి కిందకి పొడవరు, కిందనుంచి పైకి పొడుస్తారు అని చూపిస్తాడు. తన వాడలో కళ్లారా చూశానంటాడు. మనం నమ్ముతాం. పదో జ్యూరర్ కూడా అదే అంటాడు: వాళ్ల మధ్యనే బతికాను, వాళ్ల సంగతి నాకు తెలుసు. మనకి ఒళ్లు మండుతుంది. ఇద్దరూ చెప్పేది ‘నా అనుభవం’ అనే. ఒకరిది కత్తి పట్టుకునే తీరు గురించిన జ్ఞానం, ఇంకొకరిది మనుషుల మీద ద్వేషం. తేడా ఉంది, చాలా ఉంది. కానీ వచ్చిన తలుపు ఒకటే. ఆ తలుపు మూసేయడం సాధ్యం కాదు. మనిషి తన బతుకుని గుమ్మం బయట చెప్పుల్లా విడిచి రాలేడు. అందుకే కనీసం మిగతా తలుపుల దగ్గరైనా కాపలా ఉండాలి.

ఇదంతా అమెరికా గొడవ, మనకి జ్యూరీ ఎక్కడుంది అనొచ్చు. ఉండేది. బ్రిటిష్ ఇండియాలో 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సెషన్స్ కోర్టు విచారణ జ్యూరీతో గానీ, అసెసర్ల సాయంతో గానీ జరగాలి. వరంగల్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి ఆ కోడ్ మాది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆంధ్ర జిల్లాలది. జ్యూరీని తీసేయమని లా కమిషన్ తన 14వ రిపోర్టులో 1958లోనే చెప్పింది. అయినా జనం నోట్లో నానే కథ మాత్రం 1959 నాటి నానావతి కేసు. నేవీ అధికారి తన భార్యతో సంబంధం ఉన్న ప్రేమ్ అహుజాని బొంబాయిలో కాల్చి చంపాడు. తొమ్మిదిమంది జ్యూరర్లలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి ఒప్పుకోలేదు, కేసుని హైకోర్టుకి పంపించాడు. హైకోర్టు శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

ఆ జ్యూరీ బల్ల మీద ఉండాల్సిన వస్తువుల్లో ఒకటి తువ్వాలు. పెనుగులాటలో తుపాకి పేలిందని ముద్దాయి వాదన. స్నానం చేసి వచ్చిన అహుజా ఒంటి మీది తువ్వాలు, మూడు తూటాలు తగిలాక కూడా ఊడిపోకుండా అలాగే ఉంది. పెనుగులాడితే తువ్వాలు నిలుస్తుందా? ఎంత మామూలు ప్రశ్న. ఎనిమిదో జ్యూరర్ లాంటి మనిషి ఒక్కడుంటే ఆ గదిలో తువ్వాలు కట్టుకుని చూపించేవాడు. కానీ ఆ గదిలోకి తువ్వాలుతో పాటు ‘బ్లిట్జ్’ పత్రిక కూడా వెళ్లింది. వారం వారం నానావతిని వీరుణ్ణి చేసి రాసిన పత్రిక. ఎవరూ జేబులో పెట్టుకుని తీసుకెళ్లక్కర్లేదు, తలల్లో ఉంది. జడ్జి జ్యూరీకి వివరించిన తీరులోనూ తప్పులున్నాయని హైకోర్టు అంది. అంటే బయటి నుంచి రాకూడనిది వచ్చింది, లోపల సరిగ్గా అందాల్సింది అందలేదు. ఇదే మన ఆఖరి జ్యూరీ కేసు అని చాలామంది రాస్తుంటారు, అది నిజం కాదు. తర్వాత కూడా కొన్నిచోట్ల జ్యూరీలు నడిచాయి. 1973 కోడ్ వచ్చి, 1974 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాకే ఆ అధ్యాయం ముగిసింది.

ఆ పాత కోడ్ తిరగేస్తుంటే 294వ సెక్షన్ దగ్గర ఆగిపోయాను. కేసుకి సంబంధించిన విషయమేదైనా జ్యూరర్‌కి సొంతంగా తెలిసి ఉంటే, ఆ సంగతి జడ్జికి చెప్పడం అతని బాధ్యత. అప్పుడు అతనితో ప్రమాణం చేయించి, మిగతా సాక్షుల్లాగే విచారించొచ్చు, క్రాస్ చేయొచ్చు. దాని ముందు సెక్షన్ ఇంకా ముచ్చటగా ఉంటుంది. నేరం జరిగిన చోటు జ్యూరీ చూడాలని కోర్టు అనుకుంటే, అందరినీ ఒక్క గుంపుగా, కోర్టు మనిషిని తోడిచ్చి తీసుకెళ్లాలి. దారిలో ఎవరూ వాళ్లతో మాట్లాడకూడదు. ఒక్కడే రాత్రిపూట వీధుల్లో తిరిగి రావడం కాదు.

అంటే ఎనిమిదో జ్యూరర్‌కి మన పాత చట్టంలో ఒక దారి ఉంది. జేబులోంచి కత్తి తీయక్కర్లేదు. లేచి నిలబడి, అయ్యా, ఇలాంటి కత్తులు బజారులో దొరుకుతాయని నాకు తెలుసు అని జడ్జికి చెప్తే సరిపోయేది. బోనెక్కి, ఎక్కడ, ఎప్పుడు, ఎంతకి అన్నీ చెప్పేవాడు. ప్రాసిక్యూటర్ తారీఖు అడిగేవాడు. కత్తికి నెంబరు పడేది. అది సినిమాలో సీనుగా పనికిరాదు, ఒప్పుకుంటాను. బల్లకి కత్తి గుచ్చుకునే చప్పుడు ఉండదు. కానీ కుర్రాడికి మిగిలే అనుమానం గట్టిది అయ్యేది.

దీనికి ఎదురు వాదన ఉంది. అది చిన్నది కాదు. ఈ నియమాలన్నీ, రెండు వైపులా తమ పని చేసే వకీళ్లు ఉన్నారనుకుని రాసినవి. ఆ కుర్రాడి వకీలు కోర్టు కేటాయించినవాడు, కేసు మీద మనసు పెట్టినవాడు కాదు. కత్తి గురించి అడగాల్సింది ఆయనే, అడగలేదు. ఆయన అడగనందుకే జ్యూరర్ వెళ్లి కొనాల్సి వచ్చింది. నియమం పాటించి ఉంటే కుర్రాడు చచ్చిపోయేవాడేమో. మన దగ్గర ఇది ఇంకా నిజం. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ చదివినవాళ్లకి కోర్టులో బీదవాడి పక్షాన పడే ప్రశ్నలెన్నో, వాడి మీద నిలబెట్టే సాక్షులెలా తయారవుతారో కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ కథల్లో సాక్ష్యం అనేది బజారు సరుకు. అలాంటి చోట బల్ల శుభ్రంగా ఉంచాలి అని నేను నీతి చెప్తుంటే, బల్ల మీద ముందే పెట్టిన చెత్త సంగతేమిటి అని ఎవరైనా అడగొచ్చు.

నా దగ్గర దానికి పూర్తి జవాబు లేదు. కానీ మా ఊళ్లో జరిగిన ఒక సంగతి ఉంది. ఈ సినిమా చూసిన ప్రతిసారీ అది గుర్తొస్తుంది కాబట్టి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను.

2008 డిసెంబర్ 10న వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. నేను అప్పుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. ఊరంతా ఉడికిపోయింది. మా క్లాసుల్లో పాఠాలు జరగలేదు, ర్యాలీలు తీశాం. ముగ్గురిని అరెస్టు చేశారు, టీవీల్లో చూపించారు. 13వ తారీఖు పొద్దున లేచేసరికి ముగ్గురూ చచ్చిపోయారు. ఆధారాల కోసం తీసుకెళ్తే మా మీద దాడి చేశారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం అని పోలీసులు చెప్పారు. ఊళ్లో పటాకులు పేలాయి. నేను హాస్టల్ మిత్రులతో పాటు రోడ్డు మీదకి వెళ్లి, స్వీట్లు పంచి, ఒక పొట్లం ఇంటికి కూడా పట్టుకెళ్లాను. నెలాఖరుకి ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకరు చనిపోయారు. ఆ కోపం అబద్ధం కాదు. ఇప్పటికీ కాదనే అంటాను.

మా బాపు ముప్పై ఏండ్లు హనుమకొండ అదాలత్ దగ్గర ఒక వకీలు కింద గుమాస్తాగా పనిచేశాడు. కాగితాలు కుట్టడం, వాయిదాలు రాసుకోవడం, నకళ్లకి తిరగడం ఆయన పని. పొట్లం ఇస్తే తీసుకుని పక్కన పెట్టాడు. “ఆల్లే చేసిండ్రని నాకు గూడ అనిపిస్తాంది. కని ముద్దాయి ఏమన్నడో ఎవలన్న విన్నరా?” అన్నాడు. నేను గట్టిగా కేకలేశాను. అలాంటివాళ్లని వినేదేంది, అందరికీ తెలుసు కదా అన్నాను. “అందరికీ తెల్సు అన్నది ఏ కాయితం మీద ఉన్నదిరా?” అని, చొక్కా వేసుకుని బయటికెళ్లిపోయాడు. ఆ పొట్లం రెండ్రోజులు అక్కడే ఉంది.

అప్పుడు ఆయన మాట నాకు గుమాస్తా మాటలాగే వినిపించింది. కాగితాల మనిషి, కాగితం అడుగుతాడు అనుకున్నాను. సినిమాలో ఎనిమిదో జ్యూరర్ కూడా మొదట్లో నిర్దోషి అనడు. నాకు తెలియదు, కాసేపు మాట్లాడుకుందాం అంటాడు, అంతే. బాపు అడిగింది అంతకంటే ఎక్కువేం కాదు.

ఇప్పుడు ఆ రోజుకి నా పద్ధతిలో లెక్క వేసి చూస్తాను. మా బల్ల మీద ఏముంది? టీవీలో చూసిన మొహాలు. పేపర్లో ఫొటోలు. పోలీసుల ప్రకటన. మా అక్కచెల్లెళ్ల గురించిన భయం. అన్నీ మూడో దారిన, నాలుగో దారిన వచ్చినవే. మొదటి దారిన ఒక్కటీ రాలేదు. రెండో దారి లేనే లేదు, ఎందుకంటే కోర్టు జరగలేదు. ముద్దాయి కుంటుతున్నాడా, సాక్షి ముక్కు మీద మచ్చలున్నాయా చూడ్డానికి మాకు వాళ్లు ఎదురుగా కూర్చోలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. వాళ్లు చనిపోయింది ఆధారాల కోసం వెళ్లిన దారిలో. అంటే బల్ల మీదకి రావాల్సిన సరుకు పేరు మీదే బల్ల లేకుండా పోయింది.

2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు ముద్దాయిలు అలాగే చనిపోయినప్పుడు నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అప్పుడు కూడా తీసుకెళ్లింది ఆధారాల కోసమే. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో సంబరాల బొమ్మలు వచ్చాయి. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని రిపోర్టిచ్చింది. అది 2022లో బయటికొచ్చింది. ఆ రోజు గ్రూపులో ఎవరూ దాన్ని పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

1986లో బాసు చటర్జీ ఈ సినిమాని హిందీలో ‘ఏక్ రుకా హువా ఫైస్లా’గా తీశాడు. కె.కె. రైనా ఎనిమిదో జ్యూరర్, పంకజ్ కపూర్ మూడో జ్యూరర్. జ్యూరీ పోయి పన్నెండేళ్లయిన దేశంలో జ్యూరీ సినిమా ఏమిటి అని నాకు మొదట నవ్వొచ్చింది. ఇప్పుడు రాదు. జ్యూరీ కోర్టులోంచి పోయింది కానీ దేశంలోంచి పోలేదు. కోర్టులో దాని బదులు ఇప్పుడు ఒక జడ్జి ఉన్నాడు. ఒక రకంగా అది మేలే. జ్యూరీ కారణాలు చెప్పదు, జడ్జి రాసి తీరాలి. ఘటన జరిగిన చోటుకి వెళ్లి చూస్తే, ఏం చూశాడో ఆలస్యం లేకుండా రాసి రికార్డులో పెట్టాలి. ముద్దాయి అడిగితే దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. బయటినుంచి కత్తి వస్తే, దాని కాగితం ముద్దాయి చేతికి కూడా అందాలన్నమాట. బయట వీధిలో, ఫోన్లో కూర్చున్న జ్యూరీకి మాత్రం ఈ బాధలేవీ లేవు. ఇంగ్లండులో 2011లో ఒక జ్యూరర్, ముద్దాయిల్లో ఒకరితో ఫేస్‌బుక్‌లో మాట్లాడినందుకు ఎనిమిది నెలల జైలు పడింది. 2015లో అయితే విచారణ జరుగుతున్న కేసు గురించి జ్యూరర్ ఇంటర్నెట్‌లో వెతకడమే నేరమని చట్టం తెచ్చారు. మనం వెతకడమే కాదు, తీర్పు రాసి పదిమందికి పంపిస్తాం కూడా.

మళ్లీ సినిమాకి వస్తాను. ఈ లెక్కంతా వేశాక నాకు తేలింది ఇది: సినిమాలో గదిని నిజంగా తిప్పింది రెండో కత్తి కాదు. అది గుచ్చిన తర్వాత కూడా మారింది ఒక్క ఓటే, అది కూడా కత్తి కోసం కాదు. ఒంటరిగా నిలబడినవాడికి ఇంకాస్త సమయం ఇద్దామని తొమ్మిదో జ్యూరర్, ఆ ముసలాయన, ఓటు మార్చుకుంటాడు. ఆఖరిదాకా గట్టిగా నిలబడ్డ నాలుగో జ్యూరర్‌ని కదిలించింది కళ్లజోడు మచ్చలు. ఆయన కళ్లజోడు తీసి ముక్కు రుద్దుకుంటుంటే ఆ ముసలాయనే పట్టుకుంటాడు. కోర్టులో ఆ సాక్షి ముక్కు మీద ఆ మచ్చలు అందరి ముందూ ఉన్నాయి. ప్రాసిక్యూటర్ చూసి ఉండొచ్చు, జడ్జి చూసి ఉండొచ్చు. ఎవరి జేబులోంచీ రాలేదు. రెజినాల్డ్ రోజ్‌కి ఈ తేడా తెలుసో లేదో చెప్పలేను. కానీ నాటకం బరువంతా చివరికి సరైన బల్ల మీదే పెట్టాడు. కత్తి మనకి గుర్తుండేది దాని చప్పుడు వల్ల. కుర్రాడిని బతికించింది చూసినదాన్ని మళ్లీ గుర్తు తెచ్చుకోవడం.

అది ఓపిక పని. బయటికెళ్లి కొత్త వస్తువు తేవడం కంటే, ఎదురుగా ఉన్నదాన్ని సరిగ్గా చూడటం కష్టం. విమర్శ రాసేవాళ్లకి కూడా ఇది తెలిసిన కష్టమే.

ఆ కుర్రాడు సినిమాలో కనిపించేది ఒక్కసారి. మొదట్లో, జ్యూరీ లేచి గదిలోకి వెళ్లేటప్పుడు. పెద్ద కళ్లు. ఒక్క మాట మాట్లాడడు. వాడు ఏమన్నాడో ఆ పన్నెండుమంది కోర్టులో విన్నారు, గదిలో వాళ్ల మాటల ద్వారా మనకి తెలుస్తుంది. విన్నారు కాబట్టే దాని మీద గంటన్నర పోట్లాడుకోగలిగారు. బాపు ఇప్పుడు లేడు. మొన్న దసరాకి ఇంటికెళ్లినప్పుడు ఈ సినిమా అమ్మతో కలిసి చూశాను, మాటలు చెప్పుకుంటూ. కత్తి గుచ్చిన సీను దగ్గర ఆమె ఏమీ అనలేదు. చివర్లో మాత్రం, “మీ బాపు ఉంటే ఆ కత్తికి నెంబరేసిండ్రా అని అడుగు” అంది.